తెరకు తెలియని వేళ్లు

మా ఆఫీసులో మౌసుకు ఏటా బొట్టు పెడతారు. ఆయుధ పూజ రోజు సీసాలు నింపే మిషన్‌కూ, తూకం కాటాకూ, సరుకు మోసే ట్రాలీకీ పెట్టినట్టే నా టేబుల్ మీద మౌసుకూ గంధం, గంధం మీద కుంకుమ. ఒక ఏడాది పూజ చేసినవాళ్లకు పైభాగం చాలలేదేమో, దాన్ని తిరగేసి అడుగున ఎర్రగా వెలిగే కన్నుకు కూడా బొట్టు పెట్టారు. పండుగ సెలవు అయిపోయి వచ్చి కూర్చుంటే తెర మీద బాణం కదలదు. ఇంటికి గొళ్లెం పెట్టడం మరిచిపోయి వచ్చినదానిలా నేను మౌసును అటూ ఇటూ రుద్దుతూనే ఉన్నాను. చివరికి తిప్పి చూసి, దూదితో కన్ను తుడిచి, అందరికీ చూపించాను.

"కంట్లో కుంకుమ కొడితే మీకు మాత్రం దారి కనిపిస్తుందా?" అని అడిగాను.

అందరూ నవ్వారు. మరుసటి ఏడు కన్ను వదిలేసి రెండు బటన్లకూ చెరో బొట్టు పెట్టారు. దాన్ని నేను సంస్కరణ కింద జమ వేసుకోవాలి కాబోలు.

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో నేలలు, బాత్రూములు కడిగే ద్రావణాలు సీసాల్లో నింపే చిన్న ఫ్యాక్టరీ మాది. బిల్లులు, సరుకు పంపే కాగితాలు నా పని. సంగారెడ్డి నుంచి రోజూ బస్సులో వచ్చి పోతాను. ఆదివారాలు వ్యాసాలు రాస్తాను. మా నాన్న బడిపంతులు. నేను లంగా జాకెట్టు వేసుకునే వయసు నుంచే నన్ను సంస్కరణ సభలకూ వాదోపవాదాలకూ వెంటబెట్టుకుని పోయేవాడు. "ఎదుటివాడు తానే పరీక్షించి చూసుకునేటట్టు చెప్పు, లేకపోతే చెప్పకు" అనేవాడు. ఆ మాట నాకు అన్నంలో ఉప్పులాగా అలవాటైపోయింది. దానితోనే ఈ ఫ్యాక్టరీలో అందరికీ తలనొప్పి అయ్యాను.

మా దగ్గర ఇంకొక ఆచారం ఉంది. ఏ కొత్త మిషన్ వచ్చినా మొదటి బటన్ మా అకౌంట్లు చూసే లెక్కల సారే ఒత్తాలి. ఆయన చేయి మంచిదని పేరు. ఎప్పుడో ఆయన ఒత్తిన మిషన్ చాలాకాలం మరమ్మతు లేకుండా నడిచిందట. ఆయన ఒత్తిన తర్వాత ఆగిపోయిన మిషన్ల సంగతి ఎవరికీ గుర్తుండదు. మంచి మనిషే, ఆయన మీద నాకు కోపం లేదు. నా కోపమంతా ఆ పేరు మీద. ఒక చేయి మంచిదని ఊరంతా ఒప్పుకున్నాక, ఇంకో చేయి మంచిది కాదనడానికి ఎంతసేపు పడుతుంది?

ఆ చేయి కర్దనూర్ నుంచి వచ్చే అక్కది అయింది. వయసులో నాకంటే పెద్దది. అందరూ అక్కా అనే పిలుస్తారు, నేనూ అంతే. ఏళ్ల తరబడి ఆమె పని నింపిన సీసాల మీద ఒలికిన ద్రావణాన్ని గుడ్డతో తుడవడం. గ్లవ్స్ ఇస్తారు. అవి నాలుగు రోజుల్లో వేళ్ల దగ్గర చిరుగుతాయి. కొత్తవి అడిగితే స్టోర్స్‌లో లేవంటారు. టైల్స్ మీద మరకలను పోగొట్టే ద్రావణం మనిషి చర్మాన్ని ఏం చేస్తుందో ఊహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. అక్క వేళ్ల కొనలు ఎండిపోయి, గట్టిపడి, గీతలు అరిగిపోయి, చలికాలం పగుళ్లు వచ్చి ఉండేవి.

పోయిన ఏడు పాత లేబుల్ మిషన్ తీసేసి కొత్తది తెచ్చారు. దాన్ని నడిపే ఆపరేటర్ కంపెనీ ఉద్యోగి అవుతారు, కాంట్రాక్టు కింద ఉండరు. ఆ చోటు అక్కకు ఇస్తామన్నారు. పాత మిషన్ నడిపే మనిషి రాని రోజుల్లో నడిపింది ఆమే కాబట్టి. నెల రోజులు నడిపి చూపిస్తే ఖాయం. లేకపోతే మళ్లీ గుడ్డ, మళ్లీ కాంట్రాక్టు. చిన్నమ్మాయి నర్సింగ్ చదువు ఆమెకు ఈ ఒక్క చోటు మీదే ఆధారం. ఆ సంగతి ఆమె ఎవరితోనూ గట్టిగా అనలేదు. నాతో మాత్రం టీ తాగేటప్పుడు అంది.

పాత మిషన్‌కు ఉన్న తెర ఒత్తితే పనిచేసేది. మెత్తని ప్లాస్టిక్ పొర మీద గోరుతో ఒత్తినా, పెన్ను వెనక భాగంతో ఒత్తినా, చేతిలో సీసా ఉంటే మోచేత్తో ఒత్తినా దానికి ఒకటే. కొత్త మిషన్ తెర సెల్‌ఫోన్‌లాంటి అద్దం. లెక్కల సారు కొబ్బరికాయ కొట్టి, చేతులు తుడుచుకుని, చూపుడు వేలు అలా ఆనించాడో లేదో పచ్చ గుర్తు వెలిగింది. చప్పట్లు కొట్టారు. తర్వాత అక్క ముట్టుకుంది. ఏమీ లేదు. మళ్లీ ముట్టుకుంది. గట్టిగా ఒత్తింది. వేలు మార్చింది. అద్దం ఆమె చేయి అక్కడ లేనట్టే ఉంది. పక్కన ఉన్న అమ్మాయి ముట్టుకుంటే వెంటనే వెలిగింది.

"ఏందక్కా, మిషన్‌తోని పంచాయితీ పెట్టుకున్నవా?" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు, అక్క కూడా నవ్వింది.

రెండో రోజు ఆ నవ్వు తగ్గింది. ఒక్కోసారి తెర ఆమె మాట వినేది, ఎక్కువసార్లు వినేది కాదు. సీసాలు బారులు తీరి ఆగిపోయేవి. బీహార్ నుంచి వచ్చిన సూపర్‌వైజర్ తల పట్టుకుని, "అరే దీదీ, తుమ్హారే హాథ్ మే కరెంట్ నహీ హై!" అన్నాడు, నీ చేతిలో కరెంటే లేదని. హాస్యానికి అన్న ఆ మాటే అన్నిటికంటే నిజానికి దగ్గరగా ఉంది. దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. మూతలు బిగించే దగ్గర ఉండే ఆమె మాత్రం ఇంకోలా పట్టించుకుంది.

"కరెంట్ కాదు, ఆమె చెయ్యి మంచిది కాదు. మొన్న బెల్టు తెగింది ఎవరు తుడుస్తుంటే? యాదికి తెచ్చుకో."

"గట్ల అనకు. జెర మెల్లగ, వింటది" అంది పక్కనామె.

"వింటే విననీ. నేనేమన్న అబద్ధం చెప్తున్ననా?"

అక్క విన్నది. నేనూ విన్నాను.

వైద్యాలు మొదలయ్యాయి. లైనులో ఆడవాళ్లు మిషన్‌కు నిమ్మకాయ, మిరపకాయలు కట్టారు. అక్క వాళ్లది చర్చికి పోయే కుటుంబం. ఆమె వదిన ప్రార్థన చేసిన నూనె సీసా ఇచ్చి, వేళ్లకు రాసుకుని ముట్టుకో అంది. నూనె రాసుకుంటే పొడి వేలికి ఇంకో పొర తొడిగినట్టే. పైగా తెరంతా జిడ్డు. అంతకుముందు పదిసార్లకు రెండుసార్లు పలికేది అసలే పలకడం మానేసింది. "విశ్వాసం తక్కువైందేమో" అని వదిన, "నిమ్మకాయ వాడిపోయింది, ఎంత దిష్టి ఉందో చూడు" అని లైను ఆడవాళ్లు. మిషన్ మోటారు వేడి పక్కన కట్టిన నిమ్మకాయ వాడకపోతే ఆశ్చర్యపోవాలి గాని! ఒకటి పనిచేస్తే అది మహిమ, పనిచేయకపోతే మనిషి లోపం. ఇంత సుఖమైన వాదం ఏ కోర్టులోనూ దొరకదు.

అమీన్‌పూర్‌లో ఉండే మా మేనేజర్ కారు దిగుతూనే నన్ను పిలిచాడు.

"మేడం, వచ్చే సోమవారం నుంచి ఆమెను పాత పనికే పంపుదాం. లైను ఆగిపోతున్నది. ఆమెకు సెట్ కాలే."

"సెట్ కాలేదంటే ఏమిటి సార్? మిషన్ ఏమన్నా పెళ్లిచూపులకు వచ్చిందా?"

"మీరు అన్నిటికీ వాదిస్తరు మేడం."

"వాదించను. చూపిస్తాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక పావుగంట ఇవ్వండి."

ఆ పావుగంట కోసం నేను అంతకుముందే రెండు రోజులు చదివాను, మిషన్ అమ్మిన కంపెనీ ఇంజనీరుతో ఫోన్లో గొడవపడ్డాను. ఆ అద్దం ఒత్తిడిని చూడదు. దాని మీద పరుచుకుని ఉన్న అతి సన్నని విద్యుత్తును మన వేలు కొంచెం లాగుతుంది. ఆ మార్పునే అది కనిపెడుతుంది. వేలి చర్మంలో తేమ ఉంటే సులువు. చర్మం ఎండి, మందమైపోతే దానికి వేలు తగిలినట్టే తెలియదు. అంతే. ఇందులో మంచీ లేదు, చెడూ లేదు, దేవుడూ లేడు.

భోజనాల తర్వాత అందరూ మిషన్ చుట్టూ చేరారు. నేను తెరను గుడ్డతో జిడ్డు పోయేలా తుడిచాను. అక్కను ముట్టుకోమన్నాను. పలకలేదు. బకెట్ నీళ్లలో వేలు కాసేపు నానబెట్టి, పైపైన తుడుచుకుని, మళ్లీ ముట్టుకోమన్నాను. పచ్చ గుర్తు వెలిగింది. మళ్లీ, మళ్లీ వెలిగింది. ఎవరో "హయ్యో!" అన్నారు.

"ఇప్పుడు లెక్కల సారు రావాలి" అన్నాను.

ఆయన నవ్వుతూ ముందుకు వచ్చాడు. అట్టపెట్టెలకు అతికించే గోధుమరంగు టేపు తీసుకుని ఆయన చూపుడు వేలికి మందంగా పదిహేను ఇరవై చుట్లు చుట్టాను.

"ఏం చేస్తున్నరు మేడం, నా వేలేమన్న పార్సిలా?"

"ముట్టుకోండి సార్."

ఆయన ముట్టుకున్నాడు. పలకలేదు. ఒత్తాడు. పలకలేదు. వేలిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. టేపు విప్పితే మళ్లీ వెలిగింది.

"మంచి చేయి ఎక్కడికి పోయింది? టేపు కిందికి పోయిందా?" అని అడిగాను. "అక్క వేలి మీద కూడా టేపు ఉంది. దాన్ని చుట్టింది మన ద్రావణం, చిరిగిన మన గ్లవ్స్. ఆమె చేతిలో దోషం లేదు."

ఈసారి అందరూ చప్పట్లు కొట్టారు. లెక్కల సారే ముందు కొట్టాడు. మేనేజర్ "సరే, ఆమెనే ఉండనీయండి" అన్నాడు. అక్క నా వైపు చూసి తల ఊపింది. ఆ సాయంత్రం బస్సులో నిలబడే చోటు కూడా లేదు. అయినా ఇంటిదాకా నాకు కాళ్లు నొప్పి పుట్టలేదు. నాన్న బతికి ఉంటే చెప్పేదాన్ని.

మర్నాడు వచ్చి చూస్తే మిషన్ పక్కన స్టూలు మీద స్టీలు గిన్నె ఉంది. అందులో నీళ్లు, నీళ్లలో పసుపు, పసుపులో రెండు తులసాకులు. లైనులోకి వచ్చే ప్రతి ఆడమనిషీ గిన్నెలో వేలు ముంచి, తెరను తాకి, ఆ వేలు కళ్లకద్దుకుని పోతోంది. మిషన్‌తో ఏ పనీ లేనివాళ్లు కూడా! అక్క చేయి మంచిది కాదన్న ఆమె అందరికంటే ముందు నిలబడింది.

"ఇదేమిటి?" అన్నాను.

"మీరే చెప్పిండ్రు కద మేడం, నీళ్లు ముట్టుకుంటే దోషం పోతదని."

"నేనట్లా చెప్పానా!"

"గట్లనే చెప్పిండ్రు. మేమందరం విన్నం."

నేను తెచ్చిన రుజువునే గిన్నెలో పోసి పూజ చేస్తున్నారు. గొంతు చించుకుని మళ్లీ మొదటి నుంచి చెప్పాను. అందరూ శ్రద్ధగా విన్నారు, "అవును మేడం" అన్నారు, గిన్నె మాత్రం కదల్లేదు. టీ వేళ అక్కను గోడ పక్కకు తీసుకుపోయి అడిగాను.

"ఆ గిన్నె ఎవరు పెట్టారక్కా?"

"నేనే పెట్టిన మేడం. ఒట్టి నీళ్లే పెట్టిన. పసుపు వాళ్లేసిండ్రు."

"నువ్వు చర్చికి పోతావు కదా, పసుపు వేస్తుంటే ఎందుకు ఊరుకున్నావు? మీకు పసుపుతో పనేంది?"

"కూరల వేసుకోమా ఏంది?" అని నవ్వి, మళ్లీ మామూలుగా అంది: "మేడం, నేనొక్కదాన్నే వేలు తడుపుకుంటే నాకే ఏదో ఉన్నదంటరు. అందరు తడుపుకుంటే నన్ను ఎవ్వరు సూడరు. నెల అయిపోనీ. తర్వాత నువ్వు ఎంతైన కొట్లాడు."

"అబద్ధం మీద నిలబడ్డ ఉద్యోగం ఎన్నాళ్లు నిలుస్తుందక్కా?"

"నిజం మీద నిలబడితె నిన్న పొద్దుగాల దాంక ఏమైంది మేడం?"

ఆమె అవసరం నాకు అర్థమైంది. అయినా ఆమె మాట సరైందని నేను ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. ఎందుకంటే ఆ గిన్నెలో మూఢనమ్మకం ఒక్కటే లేదు, ప్రమాదం కూడా ఉంది. వేలు తుడుచుకోవాలని నేను చెప్పిన మాట ఎవరికీ గుర్తులేదు. తడి వేళ్ల నుంచి చుక్కలు అద్దం మీద పడేవి. ఆ తెరకు నీటి చుక్క కూడా వేలులాగే కనిపిస్తుంది. మేనేజర్‌కు చెప్పాను. "రెండు రోజులు చూద్దాం మేడం, ఇప్పుడైతే లైను మంచిగ నడుస్తున్నది" అన్నాడు.

ఆ రెండు రోజులు కాకముందే ఒక పసుపు నీటి చుక్క జారి సరిగ్గా మొదలుపెట్టే గుర్తు మీద ఆగింది. మిషన్ తనంతట తాను కదిలింది. ఆ సమయానికి లేబుళ్ల చుట్టను సరిచేస్తున్న అమ్మాయి చేయి లోపల ఉంది. అక్క మిషన్‌ను ఆపే ఎర్ర బటన్‌ను అరచేత్తో గుద్దింది. దానికి తేమతో పని లేదు, గుద్దితే చాలు. మిషన్ ఆగింది. అమ్మాయి చేతికి ఏమీ కాలేదు, గాజులు మాత్రం చిట్లాయి.

గాజులు చిట్లడం! ఇక చెప్పాలా? అరగంటలో ఫ్యాక్టరీ అంతా పాత మాటే. చేతిని కాపాడింది అక్క అన్న సంగతి ఎవరూ అనలేదు. "ఆ మిషన్ ఆమె చేతికింద ఉండగనే గిట్లయింది" అన్నారు. మేనేజర్ ఆమెను ఇంటికి పంపి, రేపు మాట్లాడదాం అన్నాడు. రేపు ఏం మాట్లాడతాడో అందరికీ తెలుసు. అక్క టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంటూ నా వైపు చూడలేదు.

ఆ సాయంత్రం నేను బస్సు ఎక్కకుండా బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ సామాన్లు అమ్మే దుకాణానికి పోయాను. చిన్న రబ్బరు మొన ఉన్న ఇనుప పెన్ను ఒకటి కొన్నాను. బొమ్మలు గీసుకునేవాళ్లు ఫోన్ల మీద వాడే పెన్ను. పెన్నును పిడికిలితో పట్టుకుంటే అరచేతిలోని తేమ చాలు, వేలి కొనతో పని లేదు. మర్నాడు అక్కను గేటు దగ్గరే పట్టుకుని, మేనేజర్ ముందు ఆ పెన్నుతో మిషన్ నడిపించాను. ఒక్కసారి కూడా తప్పలేదు. లైనులో ఒకరి తర్వాత ఒకరు నడిపి చూశారు, అందరికీ పలికింది. తెర మీద నీళ్లు లేవు, నూనె లేదు.

"ఇది ముందే తెస్తే అయిపోతుండె కద మేడం, ఇంత లొల్లి ఎందుకు?" అన్నాడు మేనేజర్.

ఆయనే పెన్నును దారంతో మిషన్‌కు కట్టి, అందరూ దానితోనే నడపాలని చెప్పాడు. గిన్నె పోయింది. నెల తిరిగింది. అక్కకు కంపెనీ ఉద్యోగం వచ్చింది. చిన్నమ్మాయి కాలేజీలో చేరింది. అక్క ఇప్పటికీ అదే మిషన్ మీద ఉంది.

ఇక్కడితో ఆగిపోతే నాకూ బాగుండేది. కానీ అక్క ఖాళీ చేసిన చోటులోకి, సీసాలు తుడిచే పనిలోకి, కొండాపూర్ వైపు ఊరి నుంచి కొత్తగా పెళ్లయిన అమ్మాయి వచ్చింది. నెల తిరక్కుండానే ఆమె గ్లవ్స్ వేళ్ల దగ్గర చిరిగాయి. స్టోర్స్‌లో అడిగాను, లేవన్నారు. మేనేజర్‌ను అడిగాను, చూద్దామన్నాడు. పోయిన వారం అందరి ముందూ అడిగాను.

"సార్, ఆమె వేళ్లు కూడా అక్క వేళ్లలాగే అవుతాయి. అప్పుడు ఆ అమ్మాయిని కూడా తెర గుర్తుపట్టదు."

"అర్థమైంది మేడం. తప్పకుండ" అన్నాడు.

మొన్న పొద్దున నా టేబుల్ మీద మేనేజర్ పంపిన చిన్న ప్యాకెట్ ఉంది. గ్లవ్స్ అనుకుని సంతోషంగా విప్పాను. అందులో రబ్బరు మొన ఉన్న ఇంకో పెన్ను. అప్పటికే దానికి ఎవరో గంధం రాసి కుంకుమ పెట్టారు.

పెన్ను పట్టుకుని మేనేజర్ గదికి నడిచాను. దారిలో అక్క చూసింది. ఏమీ అడగకుండా మిషన్ పక్క అమ్మాయికి అప్పజెప్పి నా వెంట వచ్చింది. నేను ఏదో అనేలోపే తన రెండు చేతులూ ఆయన టేబుల్ మీద వెల్లకిలా పెట్టింది.

"సార్, పిల్లకు పెన్ను ఎందుకు? గ్లవ్స్ ఇయ్యిండ్రి. గివి సూడుండ్రి, ఎట్లయినయో."

ఆయన చూశాడు. కొంచెంసేపు ఇబ్బందిగా కదిలాడు.

"పండుకునేముందు కొబ్బరినూనె రాసుకోమ్మా, మెత్తబడతయి. ఆ పిల్లకు కూడా చెప్పు."

అక్క చేతులు తీయలేదు.

"నూనె రాస్తే తెర పలకదు సార్. గిది దిష్టి కాదు, దోషం కాదు. సీసాల మందు తినేసిన తోలు. మేడం టేపు చుట్టి చూపించలే? మీరు గూడ ఆడనే ఉన్నరు కద."

ఆయన నా వైపు చూసి నవ్వి, ఫోన్ తీసి స్టోర్స్‌కు చేశాడు. లేవని చెప్పి ఉంటారు, పెట్టేశాడు. చూద్దాం అన్నాడు.

గ్లవ్స్ ఇంకా రాలేదు. ఆ గదిలోకి ఇప్పుడు రోజూ పొద్దున ఇద్దరం పోతున్నాం.